నల్లపొగ చెప్పు సాక్ష్యము



కొండపై పొగ కనబడినచో అచ్చట నిప్పున్నదని ఊహింపవచ్చును. ఇది తర్కశాస్త్రము బాలురకు నేర్పు తొలి పాఠము. ఆ శాస్త్రమే మఱియొక సూక్ష్మమును గూడ చెప్పుచున్నది. నిప్పున్న ప్రతిచోట పొగ యుండదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. పచ్చికట్టెతో కూడిన నిప్పునుండియే పొగ పుట్టును. కావున పొగ నిప్పుయొక్క స్వభావము కాదు; మంటకు గలిగిన లోపమునకు గుఱుతు. హనుమంతునిపాడు, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల బావులకడ మ్రోగిన ఆయిలు ఇంజనుకును, నేటి ట్రాక్టరుకును ఈ న్యాయమే వర్తించును.

ఆ లోపమేదో తెలియుటకు యంత్రము పుట్టువు నెఱుగవలెను. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1858లో పారిసు నగరమున జన్మించెను. సైకిలు పంపును గట్టిగా కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కుట మీరెఱిగినదే. అట్లే గాలిని మిక్కిలిగా నొక్కి, ఆ వేడిలో నూనెను చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండునని తలచి, ఆయన 1892లో పేటెంటు కోరెను. ఆగ్స్‌బర్గు నగరమున కొన్నియేండ్లు పాటుపడెను. 1897 ఫిబ్రవరిలో ష్రోటర్ అను ఆచార్యుడు పరీక్షింపగా, ఆ యంత్రము నూనెలోని వేడిమిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చినట్లు తేలెను. నాటి ఆవిరియంత్రములు దీనికి చాల వెనుకబడియుండెను. 1900 నాటి పారిసు ప్రదర్శనమున ఇట్టి యంత్రమొకటి మనమెఱిగిన వేరుసెనగ నూనెతోనే నడచెను.

ఐనను నూనెను సన్నని తుంపరగా చిమ్ముట కష్టమయ్యెను. తొలి యంత్రములలో వేఱొక పంపు గాలిని నొక్కి, ఆ గాలిబలముతో నూనెను లోనికి ఊదుచుండెను. అందుచేత యంత్రము పెద్దదై, కర్మాగారములకును ఓడలకును మాత్రమే తగియుండెను. 1927లో జర్మనీయందు బాష్ సంస్థ నూనెనే నొక్కి చిమ్ము పంపులను విరివిగా చేయ నారంభించెను. పిదపనే చిన్న డీజిలు యంత్రములు లారీలకును పొలములకును వ్యాపించెను.

మద్రాసు రాజధానిలో బావులకు నూనెయంత్రములు పెట్టింపవలెనని 20వ శతాబ్ది తొలి యేండ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను అధికారి శ్రమించెను. నాడు కనిగిరి సీమ నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండెను. 1970లో ఇవి యొక్క జిల్లాలోనికి వచ్చెను. 1946లో పూనాయందు కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ యేర్పడినది. క్రమముగా స్వదేశపు యంత్రములు పల్లెలకు చేరి, ఎద్దులు లాగు మోటకు బదులుగా నిలిచెను.

మనది వాన కొఱవడిన సీమ. బావినీరు క్రుంగినకొలది చిక్కు పుట్టెను. పైనుండి నీటిని పీల్చు పంపు ఏడెనిమిది మీటర్లకు మించి పీల్చజాలదు. అందువలన ఇంజనును బావిలోని మెట్టపైకి దించువారు కలరు. అచ్చట గాలియాడక, అది తన పొగనే తిరిగి పీల్చును. నల్లపొగ గ్రక్కి బలము కోల్పోవును. అంతకంటె ఘోరమేమనగా, ఆ పొగలో రంగును వాసనయు లేని విషవాయువు కలదు. ఇంజను నడచుచున్న బావిలోనికి దిగినవాడు ప్రాణముతో పైకి రాకపోవచ్చును.

ఒక లీటరు డీజిలు మండుటకు సుమారు 10 ఘనమీటర్ల గాలి, అనగా ఒక చిన్న గది నిండు గాలి, వలయును. గాలి తఱిగినను, నూనె మించినను, తుంపర ముతకయైనను కాలని భాగము మసియగును. కనుక మొదట పొగనే ప్రశ్నింపుడు. బలము తగ్గియు పొగ రానిచో నూనె యందుటలేదు. ట్యాంకును, నూనె జల్లెడను, గొట్టములో చేరిన గాలిని చూడవలెను. బలము తగ్గి నల్లపొగ వచ్చినచో నూనె యందుచున్నది, మంటయే చెడినది. నీలిపొగ కందెననూనె కాలుటకు గుఱుతు. తెల్లపొగ మండని నూనెకో, లోనికి దిగిన నీటికో గుఱుతు.

నల్లపొగకు చవుకైన పరీక్షనే ముందు చేయుడు. గాలిజల్లెడను శుభ్రపఱపుడు, పలకరాతి గనుల దుమ్మున్నచోట అది త్వరగా పూడును. కాని జల్లెడ తీసివేసి నడపరాదు, దుమ్ము రింగులను తినును. పొగగొట్టము మసితో మూసుకొనినదేమో చూడుడు. తరువాత బరువు తగ్గించి చూడుడు. పొగ ఆగినచో ఇంజనుకు మించిన పని పెట్టితిరేమో విచారింపవలెను. అప్పటికిని ఆగనిచో నాజిలును పరీక్షింపించుడు. అది తుంపరకు మాఱుగా చుక్కలు కార్చరాదు. ఆ తుంపర చర్మమును చీల్చునది, చేయి అడ్డుపెట్టకుడు. పిదప నూనె చిమ్ము వేళను, వాల్వులను చూపింపుడు. చేతితో త్రిప్పునప్పుడు ఇంజను ఎదిరింపనిచో రింగులో వాల్వులో అరిగినవి.

బలము తగ్గినదని పంపు మరను త్రిప్పి నూనె పెంచుట పలువురు చేయు పొరపాటు. గాలి చాలని మంటకు ఇంకను నూనె పోసిన పొగయే పెరుగును. ఆ నలుపు మీరు వెల యిచ్చి కొన్న నూనెయే. పైగా డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించినది. నేడు బావులపై విద్యుత్తు మోటార్లే యెక్కువయైనను, ట్రాక్టర్లును బోరు బండ్లును మన వీధులలోనే యున్నవి. పొగను చూచి నిప్పునెఱుగుట పండితుల విద్య. పొగను చూచి లోపమునెఱుగుట ప్రతి కాపునకు వలయు విద్య.