పచ్చిక పాలిపోవడం ఎప్పటి నుంచి తప్పయింది?

విశాఖ శివార్లలో దువ్వాడ, కూర్మన్నపాలెం, అగనంపూడి వైపు ఈ పాతికేళ్ళలో లేచిన అపార్టుమెంట్లు, ఆఫీసులు, ఫంక్షన్ హాళ్ళ ముందు కొత్తగా పరిచిన లాన్‌కి ఒక మామూలు కథ ఉంటుంది. వేసిన రోజు కళ్ళు చెదిరే పచ్చదనం. రెండు వారాలు తిరక్కుండానే అక్కడక్కడా పసుపు మచ్చలు, పరిచిన గడ్డి పలకకీ పలకకీ మధ్య ఎండిన గీతలు. ఇక తగవు మొదలు. చచ్చు గడ్డి అంటగట్టారని యజమాని, నీళ్ళు సరిగా పెట్టలేదని కాంట్రాక్టరు, నేలే బాగోలేదని నర్సరీవాళ్ళు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ తగవు వయసు ఎంత అని ఎవరూ అడగరు. గడ్డి పాలిపోవడం పాత సంగతే. దాన్ని తప్పుగా లెక్కగట్టడం మాత్రం, పచ్చిక పెంచుకునే పైరు స్థితి నుంచి చదరపు అడుగుల్లో కొనుక్కునే సరుకుగా మారాక వచ్చింది. నా వాదన అంతటితో ఆగదు. పాలిపోవడానికి నేడు మనం చూస్తున్న కారణాల్లో చాలావరకు కూడా ఆ మార్పు వెంటే వచ్చాయి.

విశాఖలో అలంకారానికి గడ్డి పెంచడం దొరల కాలం నాటి అలవాటు. వాల్తేరు క్లబ్బు 1883లో, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు 1884లో మొదలయ్యాయి. ఇంగ్లండులో చలికీ చినుకుకీ అలవాటుపడిన గడ్డిజాతులు మన ఎండకు నిలవవు. అందుకని దేశమంతటా క్లబ్బులు, బంగళాలు, కంటోన్మెంట్లు చివరికి మన గరికనే ఆశ్రయించాయి. రైతు చేలో కలుపుగా తవ్వి గట్టున పారేసేదీ, వినాయకచవితి నాడు ఏరి తెచ్చి పూజలో పెట్టేదీ అదే. ఆ పచ్చిక ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలన్న పట్టుదల ఆనాటి దొరలకు కూడా అంతగా లేదు. నీళ్ళు చాలని ఊళ్ళలో గోల్ఫ్ ఆడేవాళ్ళు గుంట చుట్టూ గడ్డి మీద ఆశ వదులుకుని, నూనె కలిపిన ఇసుకను చదును చేసి దాని మీదే ఆడుకునేవారు. వేసవిలో గరిక ఎండుతుంది, తొలకరికి మళ్ళీ లేస్తుంది. మాలీకి జీతం ఇచ్చేది కూడా ఈ లెక్క తెలిసే.

గడ్డి వేసే పద్ధతి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మన ఉద్యాన పాఠ్యపుస్తకాలు తరాల తరబడి చెప్పినవి ముఖ్యంగా రెండు మార్గాలు. ఒకటి, గరిక పిలకలను వేళ్ళతో సహా ఏరి, తడి నేలలో జానెడుకు మించని ఎడంలో ఒక్కొక్కటే గుచ్చడం. రెండోది అంతకన్నా వింతగా ఉంటుంది. గరికను రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరికి, రెండు గంపల ముక్కలకు గంపెడు మట్టి, గంపెడు పచ్చి పేడ, కాస్త బూడిద చేర్చి, నీళ్ళతో ముద్దగా కలిపి, తడిపిన నేల మీద అంగుళం మందాన పూస్తారు. అరుగు అలికినట్టే. పైన గడ్డి కప్పి పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చల్లితే రెండు వారాలకు మొలకలు తేలతాయి. ఈ రెండింటిలోనూ మొదటి రోజు కనిపించేది మట్టి, లేదంటే పేడరంగు. పోగొట్టుకోవడానికి పచ్చదనమే లేదు. నాటిన పిలక ముందు వాడి గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాతే కణుపుల దగ్గర కొత్త చిగురు వేస్తుంది. ఆ వాడుమొహాన్ని ఎవరూ తెగులు అనలేదు. వరినారు నాటిన వారం రోజులు మడి పాలిపోయి ఉండటం తెలిసిన ఊళ్ళలో అది మాట్లాడుకోవాల్సిన విషయమే కాదు.

దువ్వాడ నేల సంగతి ఇక్కడ చెప్పాలి. 1890లలో మద్రాసు–కలకత్తా రైలుమార్గం పడేటప్పటికి ఈ ప్రాంతం కొండల మధ్య ఎర్రటి గరువు నేల, తాళ్ళు, జీడితోటలు, కింద పల్లంలో కాస్త వరి. ఇక్కడి కొండలది ఖొండలైట్ రాయి. అది చివికితే వచ్చే మట్టి ఎర్రగా, గరుకుగా ఉంటుంది, నీరు త్వరగా దిగిపోతుంది. 1966 ఉక్కు ఉద్యమం, 1970 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన, చివరికి 1992 ఆగస్టులో జాతికి అంకితం. ఉక్కు కర్మాగారం కథ అందరికీ తెలిసిందే. ఆ కథలో పచ్చికకు సంబంధించిన భాగం వేరు. కర్మాగారానికీ దాని టౌన్‌షిప్ ఉక్కునగరానికీ కలిపి ఇరవై వేల ఎకరాలకు పైగా నేల సేకరించారు, అరవైకి పైగా ఊళ్ళు కదిలాయి, నిర్వాసితులు అగనంపూడి, వడ్లపూడి కాలనీలకు చేరారు. 1989లో దువ్వాడలో ఎగుమతుల మండలం, ఆ తర్వాత ఇళ్ళ స్థలాలు. ప్రతి దశలోనూ జరిగింది ఒకటే: మిట్ట చెక్కడం, పల్లం నింపడం, రోలరు తిప్పడం. పైరుకు పనికొచ్చే పై జానెడు మన్ను ముందే పోతుంది, మిగిలేది గ్రావెల్. దాని మీద సిమెంటు పెళ్ళలు, సున్నం, ఇటుకముక్కలు పడతాయి. ఆఖరున వచ్చేది లాన్.

ఆ లాన్ వచ్చే దారి కూడా మారింది. కడియం, కడియపులంక నర్సరీలు గోదావరి ఒండ్రుమట్టి మీద పెరిగినవి. అక్కడ కోసిన పచ్చిక పలకలు లారీలో దాదాపు రెండు వందల కిలోమీటర్లు వచ్చి దువ్వాడలో దిగుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన పచ్చిగడ్డి ఊపిరి తీస్తూనే ఉంటుంది, లోపల వేడి పుడుతుంది. ఎండకాలంలో ఒక రాత్రి ఆలస్యమైతే మధ్యలో ఉన్న పలకలు దింపేసరికే పసుపు తిరిగి ఉంటాయి. అసలు చిక్కు మాత్రం పరిచాకే. పరిచిన పది రోజులకు ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తి చూస్తే తెలుస్తుంది. పైన అంగుళం మందాన నల్లటి జిగటమట్టి, కింద ఎర్రటి గ్రావెల్, మధ్యలో కత్తితో గీసినట్టు హద్దు. బంకమట్టి తన నీటిని పట్టుకుని, నిండితే తప్ప కింది గరుకు పొరకు వదలదు. కొద్దికొద్దిగా రోజూ చల్లే నీళ్ళు ఆ అంగుళంలోనే ఆగిపోతాయి. తెల్లటి వేళ్ళు హద్దు దాకా వచ్చి, కిందకు దిగక, అడ్డంగా చాప అల్లుకుంటాయి. పట్టు దొరక్కపోతే పలక మొత్తం చేతిలోకి లేచి వస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆ అంగుళం ఆరిపోతుంది, గడ్డి వాడుతుంది. భయపడి నీళ్ళు గుమ్మరిస్తే అదే అంగుళం బురదై వేళ్ళు కుళ్ళుతాయి. రెండు విధాలా పైకి కనిపించేది పసుపే. పిలక నాటే పద్ధతిలో ఈ జబ్బుకు చోటు లేదు, ఎందుకంటే ఆ వేరు మొదటి రోజు నుంచీ స్థానిక మట్టిలోనే పుడుతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఆకు పాలిపోవడం శాస్త్రం, మనిషి చూపుతో దానికి పనేమిటి, పోషకం లేకే కదా అనవచ్చు. నిజమే, పోషక లోపమూ ఉంటుంది, ఆకును దగ్గరగా చూస్తే ఆనవాలు పట్టవచ్చు. ముదురాకు ముందుగా పాలిపోతే నత్రజని చాల్లేదు. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే ఇనుపధాతు లోపం. ఉక్కునగరం పక్కన, ఎర్రమట్టి మీద, ఇనుము లేక గడ్డి పాలిపోవడం వినడానికి ఎగతాళిలా ఉంటుంది. మట్టికి ఎరుపు ఇచ్చే ఇనుము తుప్పు రూపంలో బిగుసుకుని ఉంటుంది. కట్టుబడి సున్నం, సిమెంటు, ఉప్పు నీళ్ళ బోరు వల్ల మట్టిలో క్షారం పెరిగితే వేరు దాన్ని అందుకోలేదు. రైతులు పైర్లకు వాడే మందే ఇక్కడా పనిచేస్తుంది: లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లడం. కానీ ఆ క్షారమూ, ఆ ఉప్పు నీరూ ఎక్కడివి? కట్టుబడి చెత్తా, లోతు బోర్లూ కలిపి తెచ్చినవే. శాస్త్రం కారణం చెబుతుంది, ఆ కారణం ఆ జాగాలోకి ఎప్పుడు వచ్చిందో చరిత్ర చెబుతుంది. ఇక రంగు తగ్గగానే యూరియా చల్లే అలవాటు ఉందే, దానికి ఏ శాస్త్రమూ తోడు రాదు. వేరు దిగని గడ్డికి యూరియా వేస్తే ఆకు నాలుగు రోజులు నల్లపచ్చగా పొంగి, తర్వాత మొదలంటా మాడుతుంది. ఆ నాలుగు రోజుల్లోనే బిల్లు చెల్లింపు అయిపోతుంది కాబట్టి అలవాటు పోవడం లేదు.

పాతకాలాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు అని ఇంకొకరు అనవచ్చు. పిలకలు నాటిన లాన్‌లో తుంగ తీయడానికి నెలల తరబడి వంగిన నడుములు ఎవరివి? తక్కువ కూలికి మాలీ దొరికినన్నాళ్ళే ఆ ఓపిక చెల్లింది. ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. పలకల పచ్చిక కూలి ఖర్చు తగ్గించింది, వాలు నేలల మీద వానకు మట్టి కొట్టుకుపోకుండా వెంటనే ఆపుతుంది, వేసిన రోజే పిల్లలకు కనీసం చూడటానికి దొరుకుతుంది. అయినా పలక వేయడం తప్పు అన్నది నా వాదన కాదు. పలక కింద గ్రావెల్‌ను జానెడు లోతు తవ్వి, కొత్త మట్టితో కలిపి, హద్దు చెరిపి వేస్తే చాలావరకు సమస్య లేదు. ఆ పని నేల లోపల జరుగుతుంది కాబట్టి అంచనాల్లో ముందుగా కొట్టేసేది దాన్నే. ఫొటోలో పడేది పైన ఉన్న పచ్చదనమే.

అంచనాల మాట వచ్చింది కాబట్టి నెలల మాట కూడా. పిలకలు నాటే కాలంలో ముహూర్తం తొలకరి. జూన్ జల్లులకు నాటితే, విశాఖకు బాగా వానలు పడే సెప్టెంబరు, అక్టోబరు దాటేసరికి వేరు కుదురుకునేది. ఇప్పుడు ప్రభుత్వ పనులైనా, కంపెనీల పనులైనా ముగించాల్సిన గడువు మార్చి 31, ఆర్థిక సంవత్సరం అప్పటికి అయిపోతుంది కాబట్టి. కడియం లారీలు అదును తప్పిన మార్చి నెలలో దువ్వాడలో దిగుతాయి, కొత్త గడ్డి వేరు ఊనాల్సిన ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదురుతుంది, ట్యాంకర్ల దగ్గర బిందెలు బారు తీరుతాయి. గడ్డిజాతి, మందు, కాంట్రాక్టరు ఏది మార్చినా ఆ తేదీని మార్చకపోతే జూన్ దాకా పసుపు మచ్చలు తప్పవు.