నల్లబీరులో మిరపకాయ: కల్తీ నుండి రుచి వరకు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కాఫీ, మిరపకాయ, దాల్చినచెక్క వంటి దినుసులు చేర్చి కాచే స్టౌట్ అనే నల్లబీరు నేడు అమెరికాలో ఆదరణ పొందిన పానీయం. ఇదే జాతి బీరులో ఇదే మిరపకాయను కలపడం రెండు శతాబ్దాల క్రితం లండన్‌లో శిక్షార్హమైన నేరం. ఒకే పదార్థం ఒక కాలంలో కల్తీగాను, మరొక కాలంలో రుచిగాను ఎట్లా పరిగణన పొందింది? 1816 నాటి బ్రిటిష్ చట్టం, 1820లో వెలువడిన ఫ్రెడరిక్ అక్యుమ్ గ్రంథం, బీరుపై పన్నుల చరిత్ర, మిరప కారాన్ని గురించిన ఆధునిక శాస్త్రం ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ఒక పదార్థాన్ని కల్తీగా మార్చేది దాని స్వభావం కాదనీ, దాని చేత చెప్పించిన అబద్ధమనీ ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: స్టౌట్, పోర్టర్, మిరపకాయ, కాఫీ, కల్తీ, మాల్టు పన్ను, కాకమారి, ఆహారచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
2014లో కాలిఫోర్నియాలోని స్టోన్ బ్రూయింగ్ సంస్థ 'షోకోవేజా' అనే స్టౌట్‌ను విడుదల చేసింది. ఇంట్లో బీరు కాచే ఔత్సాహికులకు పెట్టిన పోటీలో గెలిచిన పాకం అది. మెక్సికో సరిహద్దు నగరమైన తిహువానాకు చెందిన ఇన్సుర్హెంతే బ్రూవరీ దాని తయారీలో పాలుపంచుకుంది. కాఫీ, కోకో, పసీయా అనే ఎండుమిరపకాయ, దాల్చినచెక్క, జాజికాయ, వెనిల్లా అందులోని దినుసులు. మెక్సికోలో తాగే వేడి చాక్లెట్ దానికి ప్రేరణ.

ఇటువంటి స్టౌట్‌ను రుచి చూసేటప్పుడు రుచులన్నీ ఒక్కసారిగా తెలియవు. గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చినప్పుడు ముందుగా దాల్చినచెక్క, వెనిల్లా, వేయించిన కాఫీ వాసనలు తగులుతాయి. మొదటి గుక్కలో మాడిన మాల్టు చేదు, దాని వెనుక తీపి నాలుకకు అందుతాయి. ఎండుద్రాక్షను తలపించే ఒక పరిమళం పసీయా మిరపకాయది. ద్రాక్షకు సంబంధించిన స్పానిష్ పదం నుంచే దానికి ఆ పేరు వచ్చింది. కారం మాత్రం చివరకు వస్తుంది. గుటక వేసిన తరువాత గొంతులో సన్నని వెచ్చదనంగా మొదలై, రెండు మూడు గుక్కల తరువాత స్థిరపడుతుంది. ఆ వెచ్చదనంలో మిరపకాయ వాటా ఎంత, మద్యం వాటా ఎంత అన్నది తాగేవారు తేల్చుకోలేరు. ఈ సందిగ్ధత నేడు ఒక విలాసం. పందొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో అదే ఒక మోసానికి మూలధనం.

2. మిరియం నుండి మిరపకాయ:
మిరపకాయ జన్మస్థానం అమెరికా ఖండం. నేడు మనం విస్తారంగా పండించే మిరప జాతిని మెక్సికో ప్రాంతంలో తొలుత సాగులోకి తెచ్చారు. కోకో పానీయంలో మిరపకాయ కలపడం కొలంబస్ రాకకు పూర్వమే అక్కడ ఉన్న ఆచారం. 1493లో కొలంబస్ తిరిగి వచ్చిన తరువాత ఈ కాయ యూరపుకు పరిచయమైంది. అతడు వెదకినది ఆసియా మిరియాలను. దొరికినది వేరొక కారం. అయినా మిరియాల పేరే దానికి ఆంగ్లంలోనూ ఇతర యూరోపీయ భాషల్లోనూ స్థిరపడింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు నావికుల ద్వారా మిరపకాయ భారత తీరానికి చేరినప్పుడు దక్షిణాది భాషలూ ఇదే పని చేశాయి. తెలుగులో మిరియం నుండి మిరపకాయ, తమిళంలో మిళగు నుండి మిళగాయ్, కన్నడంలో మెణసు నుండి మెణసినకాయి ఏర్పడ్డాయి. శ్రీనాథుని కాలపు తెలుగు వంటలో కారమంటే మిరియాల కారమే.

కొత్త వస్తువుకు పాత పేరు పెట్టడం వల్ల చరిత్రకారునికి ఒక చిక్కు ఏర్పడుతుంది. నాటి ఆంగ్ల పత్రాల్లో కనిపించే 'గినీ పెప్పర్' అనే మాట కొన్నిచోట్ల మిరపకాయను, మరికొన్నిచోట్ల పశ్చిమాఫ్రికాలో దొరికే ఇతర ఘాటు గింజలను సూచిస్తుంది. కాబట్టి ఆ మాట కనిపించిన ప్రతిచోటా మిరపకాయ ఉన్నదని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. అక్యుమ్ తన గ్రంథంలో మిరపకాయను దాని శాస్త్రీయ ప్రజాతి నామమైన 'కాప్సికం' అని విడిగా పేర్కొన్నందువల్ల మన చర్చకు గట్టి ఆధారం దొరుకుతున్నది.

3. లండన్ పోర్టర్, మాడిన మాల్టు:
స్టౌట్‌కు మాతృక పోర్టర్. పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో లండన్‌లో వ్యాప్తిలోకి వచ్చిన ఈ గోధుమవన్నె బీరుకు, దానిని ఎక్కువగా తాగిన మూటలు మోసే కూలీల వల్ల ఆ పేరు వచ్చింది. స్టౌట్ అనే మాటకు మొదట బలమైనది అని మాత్రమే అర్థం. బలమైన పోర్టర్‌ను 'స్టౌట్ పోర్టర్' అన్నారు. కాలక్రమంలో విశేషణమే నామమైంది. బీరు బలమే దాని విలువ అన్న భావన ఆ పేరులోనే నిక్షిప్తమై ఉంది.

బలానికి మూలం మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. 1784లో జాన్ రిచర్డ్‌సన్ శాకరోమీటర్‌ను గురించి రాసిన గ్రంథం బ్రూవర్ల లెక్కలను మార్చివేసింది. మాల్టు రసపు సాంద్రతను కొలిచే ఆ పరికరం, గోధుమవన్నె మాల్టు కంటే లేతరంగు మాల్టు నుండి ఎక్కువ సారం వస్తుందని చూపింది. బ్రూవర్లు లేత మాల్టుకు మళ్లారు. బీరు రంగు తగ్గింది. జనం మాత్రం నల్లని బీరునే బలమైన బీరుగా నమ్మారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి మాడ్చిన చక్కెర వంటివి కలపవలసి వచ్చింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో మాల్టుపై పన్ను బాగా పెరగడంతో, తక్కువ మాల్టుతో బలమైన బీరు లక్షణాలను చూపించే ఒత్తిడి అధికమైంది.

1817లో డేనియల్ వీలర్ ఈ చిక్కుకు చట్టబద్ధమైన పరిష్కారం చూపాడు. కాఫీ గింజలను వేయించే డోలును పోలిన ఇనుప స్తంభకంలో మాల్టును మాడకుండా నల్లబడేవరకు వేయించే పద్ధతికి అతడు పేటెంటు పొందాడు. ఈ నల్లమాల్టు కొద్దిగా కలిపితే చాలు, బీరుకు రంగు వస్తుంది. కాఫీ కలపని స్టౌట్‌లోనూ కాఫీ ఛాయ తోచడానికి కారణం ఈ వేపుడే. అంటే కాఫీ గింజ స్టౌట్‌లోకి రావడానికి చాలాకాలం ముందే కాఫీ వేపుడు పద్ధతి వంటిది అందులోకి ప్రవేశించింది.

4. 1816 చట్టం, అక్యుమ్ సాక్ష్యం:
1816లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం బ్రూవర్ల వద్ద కొన్ని వస్తువులు ఉండడాన్నే నేరంగా ప్రకటించింది. బెల్లపు మడ్డి, తేనె, అతిమధురం, విట్రియాల్, క్వాసియా, కాకమారి, గ్రెయిన్స్ ఆఫ్ పారడైజ్, గినీ పెప్పర్, నల్లమందు ఆ జాబితాలోనివి. బ్రూవర్‌కు 200 పౌండ్లు, అతనికి ఆ సరుకులు అమ్మిన మందుల వ్యాపారికి 500 పౌండ్లు జరిమానా. కొన్నవాని కంటే అమ్మినవానికి శిక్ష ఎక్కువ.

జర్మనీ నుండి వచ్చి లండన్‌లో స్థిరపడిన రసాయనవేత్త ఫ్రెడరిక్ అక్యుమ్ 1820లో ఆహార కల్తీలపై ఒక గ్రంథం ప్రకటించాడు. రుచీపచీ లేని పలుచని బీరుకు ఘాటు కల్పించడానికి మిరపకాయనూ గ్రెయిన్స్ ఆఫ్ పారడైజ్‌నూ వాడుతున్నారని అందులో వివరించాడు. నేరం రుజువైన మందుల వ్యాపారుల, బ్రూవర్ల జాబితాలను కూడా ప్రచురించాడు. నిషేధం ఉన్నంత మాత్రాన వాడుక ఉన్నదని చెప్పలేము; చట్టం భయాన్ని చూసి పుట్టవచ్చు. శిక్షలు పడిన వివరాలు ఉన్నందువల్ల ఇక్కడ వాడుక కూడా నిర్ధారణ అవుతున్నది.

జాబితాలోని కాకమారికి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. మలబారు ప్రాంతపు అడవుల్లో పెరిగే ఈ తీగ కాయలను చేపలను మత్తెక్కించి పట్టడానికి వాడేవారు. అందులోని పిక్రోటాక్సిన్ అనే విషం మనుషులకు తల తిప్పేటట్లు చేస్తుంది. అదే కాయ ఓడలెక్కి లండన్ చేరి, తాగినవానికి కల్తీ మత్తును అమ్మింది.

ఈ జాబితాను ఆరోగ్యానికి హానిచేసే వస్తువుల పట్టికగా చదవడం పరిపాటి. అయితే విషమైన కాకమారి, నల్లమందుల పక్కనే తేనె, అతిమధురం ఎందుకు ఉన్నాయి? ప్రతి వస్తువూ బలమైన బీరుకు ఉండే ఒక్కొక్క గుర్తును అనుకరిస్తుందని గమనిస్తే సమాధానం దొరుకుతుంది. క్వాసియా హాప్స్ చేదును అనుకరిస్తుంది. అతిమధురం, మడ్డి చిక్కదనాన్నీ రంగునూ ఇస్తాయి. పచ్చ విట్రియాల్ నురగను నిలబెడుతుందని అక్యుమ్ రాశాడు. కాకమారి మత్తును, మిరపకాయ గొంతులోని వెచ్చదనాన్ని నటిస్తాయి. ఈ విధంగా ఆ నిషేధ పట్టిక నాటి సామాన్యుడు కన్ను, నాలుక, గొంతు, తల అనే సాధనాలతో బీరును పరీక్షించిన తీరుకు ఒక దస్తావేజు.

చట్టం వెనుక ఖజానా ప్రయోజనం కూడా స్పష్టం. మాల్టు మీద, హాప్స్ మీద పన్ను ఉంది. హాప్స్‌పై పన్ను విధించిన పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్లలోనే, హాప్స్‌కు బదులు ఇతర చేదు మొక్కలు వాడకూడదని కట్టడి చేశారు. పన్ను లేని దినుసు ఎంత హానిలేనిదైనా ప్రభుత్వ దృష్టిలో దొంగసరుకే. తేనె ఆ పట్టికలోకి రావడానికి కారణమిదే.

5. గొంతు ఇచ్చిన సాక్ష్యం:
మిరపకాయతో మోసం ఎందుకు ఫలించింది? మిరప కారానికి మూలమైన పదార్థాన్ని 1816లోనే బుఖోల్జ్ అనే రసాయనవేత్త అశుద్ధ రూపంలో వేరుచేశాడు. 1876లో థ్రెష్ దానికి కాప్సైసిన్ అని పేరు పెట్టాడు. శాస్త్రదృష్ట్యా కారం రుచి కాదు. శరీరం వేడిని, మంటను గ్రహించే నాడుల ప్రేరణ అది. ఆ నాడుల మీద కాప్సైసిన్‌ను పట్టే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఈ కృషికి ఆయన 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మద్యం కూడా ఇదే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుందని, వేడికి అది మరింత సులభంగా స్పందించేటట్లు చేస్తుందని 2002లో పరిశోధకులు చూపారు.

అంటే మద్యపు మంట, మిరప మంట ఒకే ద్వారం గుండా మెదడుకు చేరుతున్నాయి. 1820 నాటి లండన్ కూలీ గొంతులో వెచ్చదనాన్ని బట్టి బీరు బలమైనదని నమ్మడం అజ్ఞానం కాదు. అతని శరీరం నిజంగానే ఆ రెంటినీ వేరుచేయలేదు. మోసగాడు అతని అమాయకత్వం మీద ఆధారపడలేదు. మానవ శరీర నిర్మాణం మీదనే ఆధారపడ్డాడు.

6. నేరం రుచిగా మారిన క్రమం:
1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు పన్నును రద్దుచేసి, బీరు బలాన్ని బట్టి పన్ను విధించింది. దానితో ఏ దినుసు వాడారన్నది ఖజానాకు ముఖ్యం కాకుండా పోయింది. బలాన్ని గొంతుకు బదులు పరికరం కొలిచింది. తరువాతి కాలంలో మద్యం శాతాన్ని సీసా మీదనే ముద్రించడం ఆచారమైంది. బలానికి సంఖ్య సాక్ష్యమిచ్చాక మిరపకాయ దొంగసాక్ష్యం చెప్పవలసిన అవసరం తొలగింది.

అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంట్లో బీరు కాయడాన్ని సమాఖ్య పన్ను నుండి మినహాయించింది. అమ్మకం లెక్కలు లేని వంటింటి ప్రయోగాలకు దారి తెరుచుకుంది. 1990ల దశకంలో సియాటిల్ ప్రాంతపు రెడ్‌హుక్ బ్రూవరీ స్టార్‌బక్స్ కాఫీతో స్టౌట్ చేసింది. అరిజోనాలో సీసాలోనే మిరపకాయ వేసిన బీరు అమ్మకానికి వచ్చింది. యూరపులో 1516 నాటి బవేరియా శుద్ధత నియమం వారసత్వంగా నిలిచిన జర్మనీలో కూడా, ఇతర దినుసులున్న విదేశీ బీర్లను అడ్డుకోవడం చెల్లదని యూరోపియన్ న్యాయస్థానం 1987లో తీర్పు చెప్పింది. లోపల ఏమున్నదో చెప్పే లేబులు చాలు, నిషేధం అవసరం లేదన్నది ఆ తీర్పులోని కీలక వాదం.

అయితే లేబులు కూడా ఒక సాక్షే. దానినీ ప్రశ్నించవలసి ఉంటుంది. మిరపకాయ స్టౌట్లను మెక్సికో సంప్రదాయానికి కొనసాగింపుగా పరిచయం చేయడం నేడు సాధారణం. మిరపకాయ, కోకో, వెనిల్లాల విషయంలో ఇది సరైనదే. కాని దాల్చినచెక్క సింహళానిది, జాజికాయ బందా దీవులది, కాఫీ ఇథియోపియా నుండి యెమెన్ మీదుగా వచ్చినది. ఇవన్నీ ఒక్క గ్లాసులో చేరడానికి వెనుక వలస వాణిజ్యపు నాలుగు శతాబ్దాలు ఉన్నాయి. సంప్రదాయం అనే ఒక్క మాట ఆ చరిత్రను కప్పివేస్తే, అదీ ఒక రకమైన అనుకరణే.

7. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.
• 1816 నిషేధ పట్టికను హానికర పదార్థాల జాబితాగా మాత్రమే చదివితే తేనె, అతిమధురం అర్థం కావు. అది పన్ను ప్రయోజనాలను, తాగేవారి ఇంద్రియ పరీక్షలను కలిపి నమోదు చేసిన పత్రం.
• మిరపకాయ బీరులో నేరమైనది కారం వల్ల కాదు. లేని బలాన్ని ఉన్నట్లు నటించినందువల్ల.
• బలాన్ని కొలిచే పని పరికరానికి, లేబులుకు మారిన తరువాతనే మిరపకాయ తన రుచితో తాను నిలబడగలిగింది.

మన బజారులో ఇందుకు తలకిందులైన ఉదాహరణ కనిపిస్తుంది. లండన్‌లో మిరపకాయ కల్తీ చేసే వస్తువు. ఇక్కడ కారప్పొడి కల్తీకి గురయ్యే వస్తువు. ఇటుకపొడి కలిపినవాడు అమ్ముతున్నది ఎరుపును. రంగును చూసి ఘాటును ఊహించే మన కంటి అలవాటును. స్టౌట్‌కు నలుపు ఎట్లాగో కారప్పొడికి ఎరుపు అట్లాగే. అందువల్ల ఆహార కల్తీ చరిత్రను రాసేవారు ఏ పదార్థం కలిపారన్న ప్రశ్నతో ఆగకూడదు. కొనేవారు దేనిని చూసి నమ్మారు, ఆ నమ్మకాన్ని ఏ పదార్థం అనుకరించింది అన్న ప్రశ్నలను కూడా అడగాలి. కల్తీ పట్టికలను ఈ దృష్టితో చదివితే, పేరు నమోదు కాని సామాన్యుల రుచి జ్ఞానం వాటిలో మనకు లభిస్తుంది.