బడి పిల్లల గ్లాసు పాలు: మిగిలితేనే ఇస్తారా?

తెల్లారకముందే శామీర్‌పేట రోడ్డు మీద, మేడ్చల్ రోడ్డు మీద పాల బండ్లు సిటీకి పరిగెత్తుతుంటాయి. ఆ పాలలో ఒక గ్లాసు సర్కారు బడి పిల్లలకి చేర్చే బాధ్యత ప్రభుత్వానిదేనా? ఇవాళ్టి టాపిక్ అదే. ముందు చరిత్ర చూద్దాం, అభిప్రాయం చివర్లో చెప్తా.

మన దగ్గరి నుంచే మొదలుపెడదాం. మీ తాతనో నానమ్మనో ఒకసారి అడగండి, చిన్నప్పుడు బడిలో పాలపొడి పాలు తాగారా అని. ఆ తరంలో చాలామందికి ఆ రుచి ఇంకా గుర్తుంటుంది. 1950లు, 60లలో యునిసెఫ్, కేర్ లాంటి సంస్థల ద్వారా మన బడులకి పాలపొడి వచ్చేది. అందులో ఎక్కువ భాగం అమెరికాది. అక్కడ రైతు నష్టపోకుండా ప్రభుత్వమే పాలపొడి కొని గోదాముల్లో నింపింది. ఆ సరుకుకి ఒక దారి కావాలి. 1954లో వచ్చిన పీఎల్-480 చట్టం ఆ దారి చూపింది. మిగులు పంట, మిగులు పాలపొడి బయటి దేశాలకి పంపడం మొదలైంది.

1960ల మధ్యకి వచ్చేసరికి ఆ గోదాముల్లో పాలపొడి తగ్గింది. 1966లో దాని బదులు సీఎస్ఎం అనే పిండి తయారుచేశారు. అందులో ఎక్కువ మొక్కజొన్న, తర్వాత సోయా, కొంచెం పాలపొడి. మన పిల్లల ఆకలి తగ్గలేదు, వాళ్ల మిగులు తగ్గింది. అంతే, గ్లాసులో ఉండేది మారిపోయింది. దీని మీద మన అసెంబ్లీలో ఓటింగ్ జరగాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ పాలు మన హక్కు కాదు, ఎవరో పంపిన సాయం.

ఇప్పుడు బ్రిటన్ చూడండి. అక్కడ కూడా కథ మిగులుతోనే మొదలైంది. 1930ల మొదట్లో పాల ధర పడిపోయి రైతులు గోల పెట్టారు. 1934లో ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి బడుల్లో పాలు పోయించింది. మూడో వంతు పింట్, అంటే దాదాపు 190 మిల్లీలీటర్లు, అర పెన్నీకే. పిల్లలకి పాలు, రైతుకి మార్కెట్. తేడా ఎక్కడంటే, 1946లో చట్టం చేసి ఆ పాలని 18 ఏళ్లలోపు బడి పిల్లలందరికీ ఉచితం చేశారు. తర్వాత 1968లో పెద్ద తరగతులకి తీసేశారు. 1971లో విద్యామంత్రి మార్గరెట్ థాచర్ ఏడేళ్లు దాటిన పిల్లలకి ఆపేశారు. కానీ ఆపడానికి పార్లమెంటులో ఇంకో చట్టం చేయాల్సొచ్చింది. 'పాలు లాక్కున్న థాచర్' అన్న ముద్ర ఆమె ప్రధాని అయ్యాక కూడా పోలేదు. అంటే చట్టంలో ఉన్నదాన్ని కూడా తీసేయొచ్చు, కాకపోతే అందరి ముందూ నిలబడి తీసేయాలి.

మనలాంటి బీటెక్ బ్యాచ్‌కి నచ్చే ముచ్చట ఇంకొకటి. 1930లో స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్‌లో 67 బడుల్లో 20,000 మంది పిల్లల మీద పెద్ద ఏ/బీ టెస్ట్ లాంటిది చేశారు. సగం మందికి పాలు, సగం మందికి లేవు. టెస్ట్ దెబ్బతింది. ఎందుకు? కొన్ని బడుల్లో టీచర్లు బక్కచిక్కిన పిల్లల్ని చూడలేక వాళ్లని పాల గ్రూప్‌లోకి మార్చేశారు. 'స్టూడెంట్' పేరుతో రాసే గణాంక నిపుణుడు గాసెట్ 1931లో దీన్ని బయటపెట్టారు. మనం స్టాటిస్టిక్స్‌లో చదివిన స్టూడెంట్ టీ-టెస్ట్ ఆయనదే. డేటా పాడైంది నిజమే, కానీ ఆ టీచర్ల మీద నాకు కోపం రాదు. అందరికీ లేనప్పుడు ఎవరికివ్వాలో తేల్చే భారం వాళ్ల మీద పడింది.

మళ్లీ మన వైపు వద్దాం. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు, మన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించారు. పిల్లవాడికి రోజుకి అణా మించని ఖర్చు. 1925లో అది ఆగింది, ఎందుకంటే ప్రాథమిక విద్య నిధి నుంచి తిండికి ఖర్చు పెట్టడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. మనసుంది, డబ్బుంది, రూల్ లేదు.

ఆ రూల్ రావడానికి మనకి చాలా కాలం పట్టింది. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు, సర్కారు ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాల్సిందేనని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని హక్కు చేసింది: ప్రైమరీలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, అప్పర్ ప్రైమరీలో 700, 20. పాలు అన్న మాట మాత్రం ఆ లెక్కలో లేదు.

కాబట్టి పాలు రాష్ట్రాల ఇష్టం. 2013 ఆగస్టులో కర్ణాటక క్షీర భాగ్య పథకం తెచ్చింది, పిల్లవాడికి 150 మిల్లీలీటర్లు. అక్కడ కూడా సహకార డెయిరీల దగ్గర పాలు మిగులుతున్న టైమే అది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మిలో అంగన్‌వాడీకి వచ్చే గర్భిణికి, బాలింతకి భోజనంతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. తల్లికి పాలు అవసరమని ఒప్పుకున్న సర్కారు, అదే బిడ్డ ఒకటో తరగతికి వచ్చాక అవసరం లేదని అనగలదా?

పాలు పడని పిల్లలు ఉంటారు కదా అంటారు. ఉంటారు, వాళ్లకి గుడ్డో రాగిజావో ఇవ్వాలి. ఖర్చు ఎక్కువ అంటారు. నిజమే, కానీ మనకి లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. ఆ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పాలు పోసేవాళ్లు, లెక్క చెప్పేవాళ్లు ఇద్దరూ ఇరుగుపొరుగే.

నా మాట ఇది. పాలు ఇస్తే మిగులుని చూసి ఇవ్వొద్దు. ఎన్ని మిల్లీలీటర్లు, వారానికి ఎన్ని రోజులు, ఏ పద్దు నుంచి డబ్బు అని రాసి ఇవ్వాలి. రేపు ఏ ప్రభుత్వమైనా దాన్ని ఆపాలనుకుంటే, చప్పుడు చేయకుండా ఆపే వీలు ఉండకూడదు. మీ ఊరి బడికి వెళ్లి మెనూ బోర్డు ఒకసారి చదవండి, ఏం రాసుందో నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.