పడవ తాడు నుంచి బ్యాటరీ దాకా: కోనసీమ బండ్ల కథ

కోనసీమలో పొగ రాని ప్రయాణం కొత్త సంగతి కాదు. వందేళ్ళ కిందట ఇక్కడి జనానికీ సరుకుకీ కాలువే ప్రధానమైన దారి, పడవే బండి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, కాలువలను పొలాలకు నీళ్ళిచ్చే మార్గాలుగా మాత్రమే చూడలేదు. సరుకు రవాణాకు రైలు కన్నా కాలువే చవక అని చివరిదాకా వాదించినవాడు ఆయన. 1870లలో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ మాటే చెప్పాడు. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి మధ్య డెల్టాకు నీళ్ళు మళ్ళాయి. లొల్ల లాకుల దగ్గర కాలువలు చీలాయి. గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడెక్టు కట్టి కాలువను నది దాటించారు. నది మీద నది పారినట్టుండే ఆ కట్టడమే లేకపోతే రాజోలు వైపు లంకలకు కాలువ నీరు చేరేది కాదు.

ఆ కాలువల మీద ధాన్యం, కొబ్బరి పడవల్లోనే సాగాయి, మనుషులూ పడవల్లోనే తిరిగారు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగే మనుషులు. ప్రయాణికులు ఎక్కేది రహదారి పడవ. ఈ ఏర్పాటులో నాకు ముఖ్యంగా కనిపించేది ఖర్చుల లెక్క. కాలువ తవ్వింది ప్రభుత్వం, లాకులు నడిపిందీ ప్రభుత్వమే. పడవ యజమాని పడవ ఒక్కటి కొనుక్కుని, కాలువలో తిరిగినందుకు రుసుము కట్టేవాడు. పెద్ద పెట్టుబడి ఒకచోట, రోజువారీ ఖర్చు ఇంకొకచోట ఉండబట్టే చిన్న షావుకారు కూడా ఆ వ్యాపారంలోకి దిగగలిగాడు. అయితే ఆ చవకదనంలో సగం తాడు లాగిన కూలీల ఒంట్లోంచి వచ్చిందే. పొగ లేదు కదా అని ఆ కాలాన్ని మరీ మెచ్చుకోలేం.

కాలువ ప్రయాణానికి ఒక లోపం మొదటినుంచీ ఉంది. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. పెళ్ళిళ్ళ రోజుల్లోనే పడవలు ఒడ్డున పడి ఉండేవి. ఏడాది పొడుగునా తిరిగే బస్సు రాగానే జనం అటు మొగ్గారంటే అందులో ఆశ్చర్యం లేదు. రైలు మాత్రం ఈ లంకల్లోకి రానేలేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన లైనును యుద్ధ అవసరాల పేరుతో 1940లో పీకేశారు. దాన్ని తిరిగి వేసేసరికి 2004 వచ్చింది. గౌతమి దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరాల్సిన భాగం కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం. కోనసీమ పూర్తిగా రోడ్డు మీదా డీజిల్ మీదా ఆధారపడటానికి ఇది పెద్ద కారణం.

ఇంధనం మార్చుకోవడం అనే ఆలోచన మొదట వచ్చింది గాలి బాగుచేయడానికి కాదు, పెట్రోలు దొరకక. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేషన్ పెట్టేసరికి దేశమంతటా బస్సుల వెనక బొగ్గు కుంపట్లు బిగించారు. బొగ్గును గాలి చాలకుండా మండిస్తే వచ్చే గ్యాసుతో ఇంజన్ నడిచేది. బయలుదేరే ముందు క్లీనరు చక్రం తిప్పి నిప్పు రాజేయాలి. ఎత్తు వస్తే బస్సు మొరాయించేది, జనం దిగి తోసేవారు. పెద్దవాళ్ళు బొగ్గు బస్సులని ఇప్పటికీ చెప్పుకునేది వీటినే. ఆ గ్యాసులో ఉండేది కార్బన్ మోనాక్సైడ్, ప్రాణాంతకమైన విషం. కనుక దాన్ని శుభ్రమైన ఇంధనం అనలేం. అయినా ఆ బస్సులు ఒక సంగతి రుజువు చేశాయి. కొత్త బస్సు కొనకుండా, ఉన్న ఇంజన్‌కే అదనపు సామాను బిగించి, ఊళ్ళో దొరికే సరుకుతో నడపవచ్చు. యుద్ధం అయిపోయి పెట్రోలు రాగానే ఆ కుంపట్లన్నీ తుక్కులోకి పోయాయి. ఇంధనం చవగ్గా దొరికిన రోజున ప్రత్యామ్నాయాన్ని ఎవరూ గుర్తుంచుకోరు.

1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. కోస్తాలో ప్రైవేటు రూట్లు దశలవారీగా ఆర్టీసీ చేతికి వచ్చాయి. అమలాపురం, రాజోలు, రావులపాలెం డిపోలు కోనసీమ ఊళ్ళను కలిపాయి. సంస్థ నష్టాల్లో ఉండి కొత్త బస్సులు కొనలేని రోజుల్లో పుట్టిన ఉపాయం అద్దె బస్సు. బస్సూ డ్రైవరూ యజమానివి, కండక్టరూ టికెట్టూ ఆర్టీసీవి. తిరిగిన కిలోమీటర్లకు లెక్కకట్టి యజమానికి డబ్బు ఇస్తారు. ఇవాళ దేశమంతా విద్యుత్ బస్సులకు వాడుతున్న ఒప్పందం ఈ అద్దె బస్సు పద్ధతి లాంటిదే.

ఇక గ్యాసు సంగతి. కోనసీమకు ఈ విషయంలో న్యాయం జరగలేదని నేను గట్టిగా నమ్ముతాను. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్వకాలు మొదలయ్యాక, రాజోలు చుట్టుపక్కల పొలాల మధ్య బావులు వెలిశాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగి, మంట 65 రోజులు ఆరలేదు. 2001లో తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో చిన్న రిఫైనరీ పెట్టారు. గ్యాసు మాత్రం పైపుల్లో బయటి ప్లాంట్లకు పోయింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ పైపు గ్యాసును మోసుకెళ్తున్నది విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ ప్లాంటుకు.

గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ విజయవాడలో సీఎన్‌జీ బంకులు తెరిచింది. అక్కడి ఆటోలు, సిటీ బస్సులు సీఎన్‌జీకి మారాయి. ఢిల్లీలో 1998 నాటి సుప్రీంకోర్టు ఆదేశంతో బస్సులన్నీ సీఎన్‌జీకి మారిన అనుభవం అప్పటికే ముందుంది. గ్యాసు పుట్టిన కోనసీమలో మాత్రం అప్పుడు ఆటోవాలాకు డీజిలే దిక్కు. ఉభయ గోదావరి జిల్లాల కోసం గోదావరి గ్యాస్ సంస్థ ఏర్పడింది 2016లో. సీఎన్‌జీ పూర్తి పరిష్కారం అని నేను అనను, అదీ నేల కింది ఇంధనమే. కాకపోతే డీజిల్ ఆటో వదిలే నల్లటి పొగ దానికి ఉండదు. పాత పెట్రోలు ఆటోకైతే కిట్ బిగిస్తే సరిపోతుంది, కొత్త ఆటో కొననక్కర్లేదు. చేతిలో డబ్బు లేనివాడికి ఇరవై ఏళ్ళ ముందే అందాల్సిన సౌకర్యం అది.

ఆ తరవాత విద్యుత్ బండ్ల వంతు. 2017లో కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ ప్రభుత్వ ఆఫీసుల కోసం పదివేల విద్యుత్ కార్లకు టెండరు పిలిచింది. శాఖలు కొననక్కర్లేదు, నెలనెలా అద్దె కడితే చాలు. ఆలోచన మంచిదే. అయితే ఒక చార్జికి వంద కిలోమీటర్లు కూడా రావడం లేదని అధికారులు వెనక్కు తగ్గడంతో ఆ పథకం మందగించింది. 2022 సెప్టెంబరు 27న తిరుపతి, తిరుమల రూట్లలో ఆర్టీసీ తొలి విద్యుత్ బస్సులు తిరిగాయి. వంద బస్సులకు ఒప్పందం, అద్దె పద్ధతిలోనే.

కోనసీమ లాంటి చోటికి ఎక్కువ పాఠం ఇచ్చేవి మాత్రం బస్సులు కావు, చెత్త బండ్లు. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో రాష్ట్రంలో వేల చెత్త వాహనాలు రోడ్డెక్కాయి. ఆ సేవల ఖర్చుకు ఇంటింటి నుంచి రుసుము వసూలు చేశారు. దానికి చెత్త పన్ను అని పేరొచ్చింది, జనం మండిపడ్డారు. సరిగ్గా మూడేళ్ళకు, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. రోజూ నడిచే బండికి నెలనెలా డబ్బు వచ్చే దారి జనానికి నచ్చనిదైతే, ఆ దారి ఏ రోజైనా మూసుకుపోవచ్చు. మధ్యలో 2023 జూన్‌లో చిన్న మున్సిపాలిటీల కోసం చెత్త ఎత్తే 516 ఈ-ఆటోలు ఇచ్చారు. 36 మున్సిపాలిటీలకు కలిపి 21 కోట్ల రూపాయల చిల్లర, ఒక్కో ఆటో సుమారు 4.10 లక్షలు. వాటికి డ్రైవర్లుగా ఆడవాళ్ళను పెట్టారు. విద్యుత్ బండ్లను చెత్త ఎత్తడంతో మొదలుపెట్టడం సరైన మొదటి అడుగని నా అభిప్రాయం. చెత్త బండి రోజుకు తిరిగేది తక్కువ దూరం, మెల్లగా ఆగుతూ ఆగుతూ పోతుంది, రాత్రి ఒకేచోట నిలబడుతుంది. చిన్న బ్యాటరీ చాలు. డీజిల్ ఇంజన్‌కు అత్యంత ఖర్చైన ప్రయాణం అదే, బ్యాటరీకి అత్యంత అనువైన ప్రయాణమూ అదే.

బస్సు లెక్క వేరు. డీజిల్ బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లు వస్తుందనుకుంటే, ఇప్పటి ధరకు కిలోమీటరుకు దాదాపు 20 రూపాయలు. విద్యుత్ బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్‌కు కాస్త పైన పడుతుంది. యూనిట్ 7 రూపాయలైనా ఎనిమిదికి మించదు. కిలోమీటరుకు 12 రూపాయలు మిగిలితే, రోజుకు 250 కిలోమీటర్లు తిరిగే బస్సుకు 3,000, ఏడాదికి పదకొండు లక్షలకు దగ్గర. రోజుకు వంద కిలోమీటర్లే తిరిగే పల్లె వెలుగుకు మిగిలేది అందులో సగం కూడా ఉండదు. కొనేటప్పుడు ఖరీదు మాత్రం డీజిల్ బస్సుకు రెండింతలకు పైనే. కనుక విద్యుత్ బస్సులు ముందు వెళ్ళాల్సింది అమలాపురం నుంచి కాకినాడ, రాజమహేంద్రవరం రూట్లకు. 60 కిలోమీటర్లకు అటూఇటూ దూరం, నేలంతా సమతలం, రోజంతా జనం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ బస్సుల మీద భారం ఇంకా పెరిగింది.

ఇక్కడే ఒక అడ్డు వచ్చి పడింది. 2023 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకం పదివేల బస్సులది. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24 రూపాయలు, 9 మీటర్లకు 22, 7 మీటర్లకు 20 చొప్పున పదేళ్ళు సాయం. ఆంధ్రప్రదేశ్‌కు 750 బస్సులు, కాకినాడ, రాజమహేంద్రవరం ఆ జాబితాలో ఉన్నాయి. పట్టణానికి కనీసం 3 లక్షల జనాభా ఉండాలన్నది నియమం. అమలాపురం జనాభా 2011 లెక్కల్లో 53 వేలు. రాజోలు, కొత్తపేట ఇంకా పంచాయతీలే. ఊరూ ఊరూ అంటుకుని, కొబ్బరి తోటల మధ్య గట్టు రోడ్ల మీద లక్షలమంది రోజూ తిరిగే సీమ ఇది. ఒక్కో ఊరి జనాభాను విడిగా లెక్కిస్తే ఆ రద్దీ కాగితం మీద కనిపించదు. 7 మీటర్ల చిన్న బస్సుకిచ్చే 20 రూపాయల సాయం సరిగ్గా ఈ ఇరుకు రోడ్లకే పనికొస్తుంది. అది అందాలంటే ఊరిని కాక డిపోను ప్రమాణంగా తీసుకోవాలి.

సర్వీసు ఆటోలవాళ్ళ గోడు ఇంకోటి. ఉచిత బస్సుతో బేరాలు తగ్గాయని, 2025 అక్టోబరులో ప్రభుత్వం ఒక్కో డ్రైవరుకు 15,000 రూపాయలు వేసింది. ఇన్సూరెన్సుకీ ఫిట్‌నెస్‌కీ ఆ డబ్బు కావాలి, దాన్ని ముట్టుకోకూడదు. దానికి అదనంగా, ఈ-ఆటో కొనేవాడికి ఫైనాన్సు వడ్డీలో కొంత ప్రభుత్వమే కడితే, ఆటో నడిపేవాడికి రోజూ డీజిల్ డబ్బు మిగులుతుంది. కాలువ రోజుల్లో షావుకారుకు దొరికిన వెసులుబాటు లాంటిదే ఇదీ.

నీటి దారి సంగతి కూడా మళ్ళీ ఆలోచించాల్సిందే. వశిష్ఠ మీద సఖినేటిపల్లి, నరసాపురం రేవుల మధ్య పంటు ఇప్పటికీ మనుషులనూ బండ్లనూ దాటిస్తోంది. కేరళలో వైకం, తవనక్కడవు మధ్య 2017 జనవరి నుంచి ఆదిత్య అనే సౌర పడవ 75 మందిని ఎక్కించుకుని తిరుగుతోంది. దాన్ని కొని నడిపేది అక్కడి రాష్ట్ర జల రవాణా శాఖే. రేవు దాటడం చిన్న దూరం, రోజంతా అదే దారి, పైన ఎండకు లోటు లేదు. మన రేవుల్లో పడవ నడిపే హక్కును ఏటా వేలానికి పెట్టే పద్ధతి ఉంది. ఒక్క ఏడాది పాటకు వచ్చినవాడు పదేళ్ళకు గానీ ఖరీదు తీరని పడవను ఎందుకు కొంటాడు? అందుకే పడవ ప్రభుత్వానిదై ఉండాలి, నడిపే హక్కు మాత్రమే పాటకు పెట్టాలి. వశిష్ఠ మీద అక్కడ వంతెన వచ్చేదాకా సఖినేటిపల్లి రేవు ఉంటుంది గనక, ముందుగా ఒక్క పంటుతో ఆ పని మొదలుపెట్టొచ్చు.