దోర్నకల్లు సంఘచరిత్రము

ఒక మతసంఘము వృద్ధి నొందినదని చెప్పుటకు ప్రమాణ మేమి? జనసంఖ్యయే ప్రమాణమని పలువురు తలంతురు. మే మట్లు తలంపము. చిరకాలముగా బడిపిల్లలకు చదువు చెప్పుచున్న మాకు ఒక సంగతి అనుభవమునకు వచ్చినది. పాఠమును అప్పగించిన మాత్రమున బాలుడు చదువరి కాడు. దానిని ప్రక్కవానికి బోధపఱుప గలిగిననాడే వాడు చదువరి. మతసంఘములకును ఇదియే న్యాయము. పుచ్చుకొనువారు ఇచ్చువా రైననాడే సంఘమునకు ప్రాణము వచ్చును. ఇందుకు తెనుగుదేశమున దోర్నకల్లు క్రైస్తవసంఘముకంటె మంచి నిదర్శనము మాకు కానరాదు. ఏ మతమువారైనను, సంఘసంస్కారమును గోరువా రెల్లరును దాని చరిత్రమును పరిశీలింప దగును.

ఆంధ్రదేశమునకు ప్రొటెస్టాంటు బోధకులు వచ్చుట అంతకుముందు లేని సంగతి కాదు. 1805 లోనే లండను మిషనువారు విశాఖపట్టణమున దిగిరి. 1841 లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఆంగ్లేయులు మచిలీపట్టణమున పని ప్రారంభించిరి. బడులు వెలసినవి, వైద్యశాలలు వెలసినవి. కాని ధనము సముద్రముల కావలినుండి వచ్చుచుండెను. దానివెంట ఆజ్ఞలును అచ్చటినుండియే వచ్చుచుండెను. దేశీయుడు ఎంత సమర్థుడైనను దొరగారి చేతిక్రింది మనుష్యుడే. ఇట్టి స్థితిలో సంఘమున జనులు చేరవచ్చును గాని, ఆ సంఘము మాది యను బుద్ధి వారికి పుట్టుట దుర్లభము.

ఈ స్థితిని మార్చిన పురుషుడు తెనుగువాడు కాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 లో తిరునెల్వేలి సీమయందలి వెల్లాళన్‌విళై గ్రామమున ఒక దేశీయగురువునకు పుత్రుడై జనించెను. 1902 లో ఆయన సింహళద్వీపమందలి జాఫ్నాకు పోయి, అచ్చటి తమిళక్రైస్తవులు తమవారినే బోధకులుగా పరప్రాంతములకు పంపుచుండుట చూచెను. తిరునెల్వేలి క్రైస్తవులు సంఖ్యయందు వారికి తీసిపోరు. అయినను అట్టి ప్రయత్నము వారిలో లేదు. ఈ యంతరము ఆయన మనస్సును నిలువనీయలేదు. మఱుసటియేట, అనగా 1903 లో, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము స్థాపిత మయ్యెను. భారతీయుల మనుష్యులు, భారతీయుల ధనము, భారతీయుల యాజమాన్యము, ఇవి మూడును దాని నియమములు.

ఆ సంఘమువారు తమిళదేశమును దాటి నైజాము రాజ్యములోని దోర్నకల్లును ఎన్నుకొనిరి. అది బెజవాడ సికిందరాబాదుల నడుమ, ఇల్లెందు బొగ్గుగనులకు రైలుదారి చీలు కూడలి. నేడు తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలో నున్నది. 1909 లో అజరయ్య గురుపట్టము నొంది తానే అచ్చటికి కాపురము వచ్చెను. తెనుగు ఆయనకు పరభాష, నేర్చుకొనెను. ఒరులను పొమ్మని తాను నిలిచిపోవుట ఆయనకు తెలియదు.

1910 లో ఎడింబరో నగరమున జరిగిన మిషనుల మహాసభలో ఆయన ప్రసంగించెను. తెల్లబోధకులు ఈ దేశమునకు ధనము నిచ్చిరి, శరీరముల నిచ్చిరి, స్నేహమును మాత్రము ఇయ్యరైరని ఆయన వారి మొగముముందఱనే పలికెను. సభలో ననేకులు నొచ్చుకొనిరి. అయినను మద్రాసు బిషపగు హెన్రీ వైట్‌హెడ్డు మున్నగువారు ఆయన పక్షమున నిలిచిరి. ఒక భారతీయుని క్రింద తెల్లబోధకులు పని చేయుదురా యని యాంగ్లేయులు సందేహించిరి. భారతీయులలో సైతము కొందఱు సమ్మతింపరైరి. ఎట్టకేలకు 1912 డిసెంబరు 29 వ తేదీన కలకత్తాలో ఆయన దోర్నకల్లు బిషపుగా అభిషిక్తు డయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయు డాయనయే. 1920 లో మచిలీపట్టణ ప్రాంతమును చేర్చి ఆయన యధికారమును విస్తరింపజేసిరి.

ఇక ఆయన పద్ధతిని చూతము. బాప్తిస్మము పొందువాడు తన చేతిని తన తలమీద నుంచుకొని, తాను సువార్తను ఇతరులకు చెప్పకున్న తనకు శ్రమ యని పలుకవలెను. మతబోధ జీతగాని పని యను తలంపును ఈ యొక్క మాట మొదలంట త్రెంచినది. నిన్న చేరినవాడు నేడే సాక్షి. గ్రామోపాధ్యాయుని శిక్షణమునకు పిలిచినప్పుడు వాని భార్యకును శిక్షణ మిచ్చుచుండిరి. ఇల్లాలు వెలుపల నున్నంతకాలము ఏ సంస్కారమును ఇంటిలో అడుగిడదని వారెఱిగిరి. బిషపుగారి భార్య అన్బు మరియమ్మాళ్ స్వయముగా స్త్రీలయందు పాటుపడెను. 1935 నాటికి గ్రామోపాధ్యాయులు రెండువేలకు మించిరి.

సంఘములోని వారు పెక్కురు మాల మాదిగ పల్లెల కూలివారు. వారివద్ద కానుక అడుగుట న్యాయమా యని కొందఱనిరి. అడుగకుండుటయే వారిని అవమానించుట యని అజరయ్య అభిప్రాయము. ఎసటిలో బియ్యము పోయునప్పుడు ఇల్లాలు పిడికెడు తీసి దేవునిపేర వేఱుకుండలో వేయును. కోతలకాలమున ధాన్యము, కోళ్లు, కూరగాయలు గుడికి చేరును. ఇట్టి కానుకలు తోడుకాగా దోర్నకల్లున ఏండ్లతరబడి ఒక దేవాలయము లేచినది. దాని నిర్మాణమున హిందూ మహమ్మదీయ శిల్పరీతులు క్రైస్తవరీతితో కలిసినవి. అది 1939 జనవరి 6 న ప్రతిష్ఠింపబడెను.

దోషములను దాచుట చరిత్రకారునికి తగదు. ఆశలు చూపి హరిజనులను మతము మార్చుచున్నారని గాంధిమహాత్ముడు మిషనులను గట్టిగా నాక్షేపించెను. ఆ పిడికెడు బియ్యము ఇందుకు కొంత సమాధానము: పొందుటకే వచ్చినవాడు తన కంచములోనిది తీసియిడునా? కాని మఱియొక ప్రశ్న కిది చాలదు. మాల మాదిగల భేదము సంఘములోను జొరబడెను. ఒక్క దేవుని బిడ్డలమని పాడినవారే పెత్తనము దగ్గఱ రెండుగా చీలిరి. కులము మతముకంటె లోతుగా పాతుకొన్నదని మనకు దీనివలన తెలియుచున్నది. ఈ కలుపు ఒక్క పొలమునకే పరిమితము కాదు.

బిషపుగారు ఇంకొక విభాగముతోను పోరాడిరి. ఇంగ్లాండులో పుట్టిన మతశాఖల తగవులు తెనుగుపల్లెలలో నేల? 1919 లో తరంగంబాడిలో ముప్పదిమందికి పైగా బోధకులు కూడి ఐక్యమును గూర్చి తీర్మానించిరి. వారిలో ఇంచుమించు అందఱును భారతీయులే. ఆ యత్నము ఫలించుటకు ఇరువదియెనిమిదేండ్లు పట్టెను. 1947 సెప్టెంబరు 27 న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. అజరయ్య దానిని చూడలేదు. 1945 జనవరి 1 న దోర్నకల్లున కన్నుమూసెను.

ఊడ దిగినంతమాత్రమున మఱ్ఱికి బలము రాదు. ఆ యూడ నేలనంటి తానే మ్రానై కొమ్మను మోయవలెను. తిరునెల్వేలికి జాఫ్నా, దోర్నకల్లుకు తిరునెల్వేలి దారిచూపినవి. మన సంస్కరణసభలలో నేటికిని చందా లిచ్చువారు కొందఱు, ఉపన్యసించువారు కొందఱు, వినిపోవువారు పెక్కురు. వినిపోవువారి చేతిలో మనము పని పెట్టితిమా? వారి పిడికెడును గౌరవముతో అడిగితిమా? ఈ ప్రశ్నలను చదువరులు తమ తమ సంఘములయందు వేసికొందురుగాక.