క్రొయేషియా ఫుట్‌బాలు: సమాఖ్యలోను, సమాఖ్య వీడిన పిదపను

1952 హెల్సింకి ఒలింపిక్సులో మన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోల్సుతో ఓడిపోయిన వృత్తాంతము హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్ర నెరిగినవారికి విస్మరింపరానిది. ఏలయన మన జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు హైదరాబాదు వాసియగు సయ్యద్ అబ్దుల్ రహీము. నాలుగేండ్ల పిదప మెల్‌బోర్నులో, ఆయన శిక్షణముననే, సికింద్రాబాదు యువకుడు తులసీదాస్ బలరామ్ వంటివారితో కూడిన మన జట్టు సెమీఫైనలు వరకు పోయి, నెవిల్ డిసౌజా కొట్టిన గోలుతో ముందంజ వేసియు, తుదకు ఆ యుగోస్లావియాకే 4–1 తో లొంగవలసి వచ్చెను. మనవారిని రెండు మారులు నిలువరించిన ఆ జట్టు ఏకజాతి నిర్మితము కాదు. సెర్బులు, క్రొయేషియనులు, బోస్నియా వారు మున్నగువారు ఒక్క పతాకము క్రింద నిలిచి ఆడిన సమాఖ్య జట్టు అది. ఆ సమాఖ్యనుండి 1991లో క్రొయేషియా వైదొలగినందువలన ఆ దేశపు వృత్తి ఫుట్‌బాలుకు చేకూరిన మేలెట్టిదో, వాటిల్లిన కీడెట్టిదో విచారించుట నేటికిని ప్రయోజనకరమే.

సమాఖ్య కాలమున యుగోస్లావియా లీగును నడిపించినవి ముఖ్యముగా నాలుగు క్లబ్బులు: బెల్‌గ్రేడు నగరపు రెడ్ స్టార్, పార్టిజాన్, క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్, హైడుక్ స్ప్లిట్. ప్రాగ్ నగరమున చదువుకొనుచుండిన స్ప్లిట్ విద్యార్థులు 1911లో స్థాపించిన హైడుక్, ఆడ్రియాటిక్ తీరవాసులకు ప్రాణసమానము. డినామో 1967లో ఇంగ్లండు దేశపు లీడ్స్ యునైటెడ్‌ను ఓడించి ఫెయిర్స్ కప్పును గెలుచుకొన్న ఘనత గలది. ఇరువది యెనిమిదేండ్లు నిండనిదే ఆటగాడు విదేశీ క్లబ్బులలో చేరరాదన్న నియమము చిరకాలము అమలులో నుండుటచేత, యౌవనమందలి శక్తినంతయు వారు స్వదేశపు లీగుకే ధారపోసిరి. అందుచేత జాగ్రెబ్ నగరమందలి సామాన్య ప్రేక్షకుడు సైతము ఐరోపా ఖండమున ఎన్నదగిన క్రీడాకారులను, తన ఊరి మైదానముననే, స్వల్పమూల్యమునకు చూడగలిగెను. ఆ నియమము ఆటగాని స్వేచ్ఛకు సంకెల అగుట నిజమే. లీగునకు బలమగుటయు అంతే నిజము.

రాజకీయపు గాలి మారిన తీరును తెలియగోరువారు స్ప్లిట్ నగరపు పోల్యుద్ మైదానమును చూడవలెను. 1980 మే 4వ తేదీన అచట హైడుక్, రెడ్ స్టార్ జట్లు తలపడుచుండగా, మొదటి అర్ధభాగము ముగియకమునుపే ఆట నిలిచిపోయెను; యుగోస్లావియా అధ్యక్షుడు టిటో మరణించెనను వార్త ప్రకటితమయ్యెను. హైడుక్ ఆటగాడు జ్లాట్కో వుయోవిచ్ పచ్చికపైననే కూలబడి విలపించెను. ఇరుపక్షముల ఆటగాండ్రును కన్నీరు నింపుకొని నిలిచిరి. వేలకొలది ప్రేక్షకులు ఏకకంఠముతో టిటోను కీర్తించుచు పాడిరి. పదియేండ్లు గడచినవి. 1990 సెప్టెంబరు 26న, అదే మైదానమున, పార్టిజాన్‌తో ఆట జరుగుచుండగా అభిమానులు కంచెలు దాటి లోనికి చొచ్చుకొనివచ్చి, సమాఖ్య పతాకమును దించి దగ్ధము చేసిరి. ఆ నడుమ, అదే సంవత్సరము మే 13న, జాగ్రెబ్ నగరపు మాక్సిమిర్ మైదానమున డినామో, రెడ్ స్టార్ అభిమానుల నడుమ ఘోరమైన కలహము చెలరేగి ఆట సాగకుండపోయెను. అభిమానిని కొట్టుచుండిన పోలీసును డినామో నాయకుడు జ్వోనిమిర్ బోబాన్ కాలితో తన్నెను. ఆయనకు శిక్షపడెను, ఆ యేటి ప్రపంచకప్పు దూరమయ్యెను. ఐనను స్వజనుల దృష్టిలో ఆయన వీరుడయ్యెను.

విచిత్రమేమనగా, సమాఖ్య ఫుట్‌బాలు మహోన్నతస్థితి నందుకొన్న తరుణమే దాని అంతిమదశ కూడ నయ్యెను. 1991 మే 8న బెల్‌గ్రేడులో జరిగిన యుగోస్లావియా కప్పు ఫైనలున బోక్షిచ్ గోలుతో హైడుక్ 1–0 తో రెడ్ స్టార్‌ను ఓడించెను. ఆనాటి హైడుక్ రక్షణపంక్తిలో నిలిచిన ఇగోర్ స్టిమాక్, 2019 నుండి 2024 వరకు మన భారత జట్టుకు శిక్షకుడుగా నుండినవాడే. మూడు వారములకు, మే 29న, ఇటలీ దేశపు బారి నగరమున రెడ్ స్టార్ యూరోపియను కప్పును గెలిచెను. డినామోలో ఆటకు తొలిమెట్లెక్కిన ప్రోసినెచ్కి ఆ జట్టున ఒక ప్రధాన స్తంభము. జూన్ 25న క్రొయేషియా స్వాతంత్ర్యమును ప్రకటించెను, పిదప యుద్ధము.

1992లో పండ్రెండు జట్లతో క్రొయేషియా తన లీగును ప్రారంభించుకొనెను. యుద్ధభీతి వలన కొన్ని జట్లు సొంత మైదానమున ఆడలేని దుస్థితిలో, హైడుక్ ప్రథమ విజేతయయ్యెను. ఆ యేడే ఫిఫా సభ్యత్వము లభించెను. అటుపై జాతీయజట్టు సాధించిన కీర్తి లోకవిదితము: 1998 ప్రపంచకప్పులో తృతీయస్థానము, ఆరు గోల్సు కొట్టిన షూకర్‌కు అత్యధిక గోల్సు బహుమానము, 2018లో ద్వితీయస్థానము, 2022లో మరల తృతీయము. నలుబది లక్షల జనసంఖ్య గల చిన్న దేశమునకు ఇది సామాన్యవిషయము కాదు. సమాఖ్యలో ఉండియుంటే ఆ జట్టు ఎరుపు–తెలుపు గళ్ళ చొక్కా ప్రపంచపు మైదానములలో కనిపించెడిదే కాదు.

కాని లీగు గతి వేరు. రెడ్ స్టార్, పార్టిజాన్ వంటి సమఉజ్జీలు సరిహద్దుకు ఆవల మిగిలిపోయిరి. బోబాన్, షూకర్, ప్రోసినెచ్కి వంటివారు 1991లోనే ఇటలీకి, స్పెయిను దేశమునకు తరలిపోయిరి. 1994–95లో హైడుక్ ఛాంపియన్స్ లీగు క్వార్టర్ ఫైనలు చేరినదే కాని, అట్టి దశ నిలువలేదు. రాజకీయాధికారము క్లబ్బుల పేళ్ళను సైతము ముట్టెను: డినామో మొదట హాష్క్ గ్రాజాన్‌స్కి యనియు, 1993లో క్రొయేషియా జాగ్రెబ్ యనియు మార్చబడి, అభిమానుల యెడతెగని నిరసనల పిదప 2000లో గాని స్వనామమును తిరిగి పొందలేదు. 2006 నుండి 2016 వరకు వరుసగా పదునొకండు పర్యాయములు ఆ క్లబ్బే విజేతగా నిలుచుట దాని ప్రతిభకు నిదర్శనమే. ఎదిరి బలహీనతకు అంతకుమించిన నిదర్శనము. మోడ్రిచ్ వంటి మేటి ఆటగాండ్రను పెంచి, విదేశములకు అమ్మి, ఆ ధనముతో జీవించుట అచటి క్లబ్బులకు వృత్తిధర్మముగా మారెను.

వేరుపడినవారికి మాత్రమే నష్టమనుకొనరాదు. యుద్ధము వలన విధింపబడిన ఆంక్షల కారణమున, మిగిలిన యుగోస్లావియా 1992 యూరో పోటీలనుండి బహిష్కృతమై, దాని స్థానమున పిలువబడిన డెన్మార్కు ఆ కప్పునే గెలుచుకొనెను. ఐరోపా విజేతయైన రెడ్ స్టార్ సొంత మైదానమున ఆడవలసిన కప్పు పోటీలను పరదేశపు మైదానములలో ఆడవలసి వచ్చెను.

జాతి స్వాతంత్ర్యము ఒక విలువ, క్రీడాసమృద్ధి మరొక విలువ. మొదటిది లభించినంతమాత్రమున రెండవది దానంతట అది రాదు. సమాఖ్యను వీడుట క్రొయేషియా ప్రజల హక్కు, దానిని ప్రశ్నించుటకు మనమెవ్వరము? అయితే జట్టునకు పతాకము ఎంత అవసరమో, దీటైన ప్రతిద్వంద్వి అంత అవసరము. ఈ సత్యమును గ్రహించిన బాస్కెట్‌బాలు క్లబ్బులు 2001లో ఆడ్రియాటిక్ లీగును స్థాపించి, పూర్వసమాఖ్య నగరములను ఆటస్థలమున మరల ఎదురెదురుగా నిలిపినవి. రాజ్యములు మాత్రము వేరుగానే యున్నవి. ఫుట్‌బాలునకు అట్టి ఏర్పాటు నేటికిని సమకూడలేదు. రాజ్యముల నడుమ సరిహద్దు గీచెడివారు, ఆ గీత ఆటస్థలమునకు అడ్డుగోడ కాకుండ చూచుకొనుట వివేకమని క్రొయేషియా ఫుట్‌బాలు చరిత్ర మనకు నేర్పుచున్నది.