తెర వెనక వేదం

రెండు వందల ఏళ్ల పండుగకు దగ్గరవుతున్న బ్రహ్మసమాజం కథలో మన తెలుగువాళ్లు మొదటి రోజుల్లోనే కనిపిస్తారు. కనిపిస్తారు అనడం కూడా పొరపాటే. వాళ్లు తెర వెనక ఉన్నారు.

1828 ఆగస్టు 20న రామమోహన్ రాయ్ కలకత్తా జోడాసాంకోలో కమల్ బోసు ఇల్లు అద్దెకు తీసుకుని సభ మొదలుపెట్టారు. శనివారం సాయంత్రం ఏడింటి నుంచి తొమ్మిది దాకా ప్రార్థన. రామచంద్ర విద్యావాగీశుడు బెంగాలీలో ఉపన్యసించేవాడు. పాటలకు పఖవాజ్ వాయించింది గులాం అబ్బాస్. వేదం చదవడానికి మాత్రం ఇద్దరు తెలుగు బ్రాహ్మణులు. వాళ్లు పక్కగదిలో, సభకు కనపడకుండా చదివేవారు. బ్రాహ్మణేతరులకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. దేవుడొక్కడే, అందరూ రావచ్చన్న సభలో ఈ ఏర్పాటేమిటని ఇవాళ మనం అడగొచ్చు. రాయ్ గారు మాత్రం కులం జోలికి సూటిగా పోలేదు. ఆయన జంధ్యం 1833లో బ్రిస్టల్‌లో కన్నుమూసేదాకా ఒంటి మీదే ఉంది.

వారసుణ్ణి ఆయన ప్రకటించలేదు. ఒక ముచ్చట మాత్రం తర్వాత సమాజాన్ని నడిపిన దేవేంద్రనాథ్ ఠాకూర్ చెప్పుకునేవారు. ఇంగ్లండ్ ప్రయాణానికి ముందు రాయ్ వాళ్లింటికి వచ్చి, పిల్లవాడైన తనను పిలిపించి, చేయి కలిపితే గాని కదలనన్నారట. అంతకుముందు దుర్గపూజకు పిలవడానికి వెళ్తే, నన్నా పిలుస్తున్నావని ఆశ్చర్యపోయి, రాయ్ తన కొడుకు దగ్గరికి పంపింది కూడా ఈ కుర్రవాణ్ణే.

రాయ్ పోయాక సమాజం కొనప్రాణంతో మిగిలింది. ద్వారకానాథ్ ఠాకూర్ డబ్బిస్తే విద్యావాగీశుడు దీపం పెట్టి కూర్చునేవాడు. 1843 డిసెంబరు 21న ద్వారకానాథ్ కొడుకు దేవేంద్రనాథ్ మరో ఇరవై మందితో కలిసి అదే విద్యావాగీశుడి దగ్గర దీక్ష తీసుకున్నారు. అప్పటికీ వేదం పక్కగదిలోనే నడుస్తోంది. దాన్ని బయటికి తెచ్చింది దేవేంద్రనాథే. నాలుగు వేదాలు నేర్చుకు రమ్మని నలుగురు విద్యార్థులను కాశీకి పంపిందీ ఆయనే.

తెర పోయింది గాని జంధ్యం పోలేదు. 1862లో కేశవచంద్ర సేన్‌ను ఆచార్యుణ్ణి చేసింది దేవేంద్రనాథే. బ్రాహ్మణుడు కాని యువకుణ్ణి ఆ పీఠం మీద కూర్చోబెట్టడానికి అప్పట్లో గుండె కావాలి. కేశవుడి అనుచరులు అక్కడితో ఆగలేదు, వేదిక మీద జంధ్యం ఉండకూడదన్నారు. పెద్దాయన ఒప్పుకున్నారు కూడా. 1864 అక్టోబరు తుపానుకు మందిరం దెబ్బతిని, ప్రార్థన దేవేంద్రనాథ్ ఇంటికి మారింది. ఒకరోజు జంధ్యం లేని ఉపాచార్యులు వచ్చేసరికి పాత జంధ్యధారులు వేదిక మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టేశారు. కేశవుడి వర్గం లేచి వెళ్లిపోయింది. 1866 నవంబరులో వేరే సమాజమే పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు దేవుడేనట, కేశవుడు కార్యదర్శి!

1878లో కేశవుడి వంతు వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని కూతురిని కూచ్ బిహార్ రాజుకిచ్చి పెళ్లి చేశాడు. ఆరేళ్ల కిందట వధువుకు పద్నాలుగేళ్లు నిండాలన్న చట్టం కోసం పోరాడినవాడు ఆయనే. ఆ పెళ్లిని తప్పుపట్టి మే 15న శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోసు వగైరాలు సాధారణ బ్రహ్మసమాజం పెట్టారు. ఈసారి పెత్తనం ఒక్కరి చేతిలో పెట్టకుండా ఎన్నికైన సంఘానికి అప్పగించారు. అదే ఏడాది రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు ప్రార్థన సమాజం పెట్టారు.

ఈ కలహాలన్నీ తర్వాత పుస్తకంగా రాసింది ఆ శివనాథ శాస్త్రే. పక్కగదిలో వేదం చదివిన మనవాళ్లకు అందులో పేర్లు లేవు, ఇద్దరు తెలుగు బ్రాహ్మణులనే ఉంటుంది.